పిల్లల మాట వినే బడి కోసం: ఏజెన్సీ ఉపాధ్యాయుల నూరేళ్ల ప్రయాణం



విద్యార్థి కేంద్రిత బోధన, కృత్యాధార బోధన, డిజిటల్ తరగతి గది. ఈ మాటలు ఇవాళ ప్రతి శిక్షణలోనూ ప్రతి సర్క్యులర్‌లోనూ వినిపిస్తున్నాయి. వింటే నిన్న మొన్న పుట్టిన మాటల్లా ఉంటాయి. కానీ మన గూడేల చదువుల చరిత్ర తిరగేస్తే ఈ ప్రయత్నం వేరు వేరు పేర్లతో నూరేళ్లకు పైగా సాగుతోందని తెలుస్తుంది. ఎందరో మంచి ఉద్దేశంతో మొదలుపెట్టారు. కొన్ని నిలిచాయి, చాలావరకు మధ్యలో ఆగిపోయాయి. ఆగిన ప్రతిసారీ నింద మాత్రం ఉపాధ్యాయుల మీదికే వచ్చింది. “సార్లు మారరు, మేడమ్‌లు మారరు” అని మీరూ వినే ఉంటారు.

ఉపాధ్యాయ శిక్షణ పొంది, ఏళ్ల తరబడి ఆశ్రమ పాఠశాలల్లో, వసతి గృహాల్లో పిల్లల మధ్యే ఉంటున్న మాకు ఈ నింద సగమే నిజమనిపిస్తుంది. మిగతా సగం చరిత్రలో ఉంది. మన సంఘం తెస్తున్న ఈ ప్రత్యేక సంచికలో ఆ చరిత్రను మన యువతీ యువకుల ముందు పెట్టాలని ఈ వ్యాసం రాస్తున్నాం. మేము గమనించిన విషయం ఒక్కటే. పద్ధతి ఏదైనా, యంత్రం ఏదైనా, పిల్లల మాట ఉపాధ్యాయునికి అర్థమైన చోటే అది నిలబడింది. అర్థం కాని చోట ఎంత ఖర్చు పెట్టినా గోడ మీద చార్టుగానే మిగిలిపోయింది.

బడి లేని రోజుల్లో చదువు

మన దగ్గర బడి లేనప్పుడు చదువు లేదనుకోవడం తప్పు. దీపావళి ముందు రోజుల్లో దండారి బయల్దేరినప్పుడు చూడండి. గుమేల, పెప్రే, కాలికోం మోగుతుంటే పెద్దవాళ్లు వలయంగా ఆడతారు. చిన్న పిల్లలు అంచున నిలబడి అడుగులు కలుపుతారు. ఎవరూ వాళ్లను వరుసలో కూర్చోబెట్టి పాఠం చెప్పరు, తప్పు అడుగు వేస్తే సున్నా వేయరు. చూస్తూ, చేస్తూ, పక్కవాడిని అనుసరిస్తూ నేర్చుకుంటారు. మార్లవాయికి చెందిన కనకరాజు గారికి గుస్సాడీ నృత్యానికి 2021లో పద్మశ్రీ వచ్చింది. ఆయన నేర్చుకున్నదీ, తర్వాతి తరానికి నేర్పినదీ ఈ పద్ధతిలోనే.

పుస్తకాల్లో ‘చేస్తూ నేర్చుకోవడం’ అని మాకు శిక్షణలో చెప్పింది ఇదే. అడవిలో చెట్టును గుర్తుపట్టడం, విత్తనం దాచుకోవడం, ప్రధాన్‌లు కిక్రి వాయిస్తూ చెప్పే కథల్లో వంశాల వరుస గుర్తుంచుకోవడం, అన్నీ ఇలాగే నడిచాయి. మన పిల్లలకు విద్యార్థి కేంద్రిత పద్ధతి కొత్త కాదు. వాళ్లకు కొత్తగా తోచింది చేతులు కట్టుకుని కూర్చోబెట్టే బడి.

సవర కొండల్లో గిడుగు

తెలుగు నేల మీద ఈ సంగతిని ముందుగా గ్రహించిన ఉపాధ్యాయుడు గిడుగు వెంకట రామమూర్తి గారు. ఆయన 1863లో పుట్టారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయునిగా పనిచేస్తూ చుట్టుపక్కల కొండల్లోని సవరల మాట వినేవారు. సవరలకు చదువు చెప్పాలంటే ముందు తాను సవర నేర్చుకోవాలని నిర్ణయించుకున్నారు. అప్పటికి ఆ భాషకు ఆయన చేతికందే పుస్తకాలేవీ లేవు. మాట్లాడేవాళ్ల దగ్గర కూర్చుని, విని, రాసుకుని నేర్చుకున్నారు. సవరలో వాచకాలు తయారు చేశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి.

ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. ఆ రోజు వ్యావహారిక భాషా ఉద్యమం గురించి చెబుతాం గానీ సవర బడుల గురించి చెప్పడం తక్కువ. ఆ రెండూ ఒకే ఆలోచనకు రెండు కొమ్మలు. పిల్లలు మాట్లాడే భాష ఒకటి, పుస్తకంలో భాష మరొకటి అయితే చదువు సాగదని ఆయన రెండు చోట్లా వాదించారు. అప్పట్లో ఆయనకు శిక్షణ తరగతులు లేవు, చార్టులు లేవు. ఉన్నది ఒకటే. పిల్లల భాష నేర్చుకోవలసింది ఉపాధ్యాయుడే అన్న పట్టుదల.

మార్లవాయి: మనవాళ్లే మాస్టర్లు

ఇక మన ఆదిలాబాద్ సంగతి. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం వీరమరణం పొందాక, గోండుల కష్టాలు తెలుసుకోక తప్పని పరిస్థితి నిజాం ప్రభుత్వానికి వచ్చింది. ఆ కాలంలోనే ఆస్ట్రియా దేశానికి చెందిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ మన మధ్యకు వచ్చారు. ఇప్పటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలోని మార్లవాయిలో నివాసం ఉన్నారు. వాళ్ల సమాధులు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

1943లో మార్లవాయిలో గోండు విద్యా పథకం మొదలైంది. దాని పని తీరు ఇవాళ్టి ఉపాధ్యాయ శిక్షణ సంస్థలన్నీ తెలుసుకోవలసినది. పట్నం నుంచి మాస్టర్లను తెచ్చి గూడేల్లో పెట్టలేదు. కొద్దో గొప్పో చదవడం, రాయడం వచ్చిన గోండు యువకులను ఎంపిక చేసి, మార్లవాయిలోనే శిక్షణ ఇచ్చి, గూడేలకు ఉపాధ్యాయులుగా పంపారు. గోండి భాషలో, దేవనాగరి లిపిలో వాచకాలు తయారు చేశారు. మొదట గోండిలో చదవడం, రాయడం వచ్చాక ఇతర భాషలకు తీసుకెళ్లారు. అదే కాలంలో గోండులకు భూమి పట్టాలు ఇచ్చే పనీ సాగింది. చదువు వచ్చిన మాస్టరు గూడెంలో కాగితం చదివి చెప్పే మనిషి కూడా అయ్యాడు. అందుకే ఊరు బడిని తన అవసరంగా చూసుకుంది.

మార్లవాయి మాస్టర్లకు పెద్ద డిగ్రీలు లేవు. కానీ పిల్లవాడు నోరు తెరిస్తే ఏమంటున్నాడో వాళ్లకు తెలుసు. పిల్లవాడికి తెలిసినదానితో మొదలుపెట్టి తెలియనిదాని దగ్గరికి తీసుకెళ్లమని శిక్షణ పుస్తకాలు చెబుతాయి. ఆ మాస్టర్లకు ఆ సూత్రం విడిగా నేర్పాల్సిన అవసరమే రాలేదు.

భాష మారింది, బడి దూరమైంది

1948లో హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. బడులు పెరిగాయి, భవనాలు వచ్చాయి, ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి. ఐదవ పంచవర్ష ప్రణాళికతో గిరిజన ఉప ప్రణాళిక, ఆ తర్వాత ఐటీడీఏలు వచ్చాయి. ఆశ్రమ పాఠశాలలు లేకపోతే మాలో చాలామందికి పదో తరగతి కూడా అయ్యేది కాదు. ఆ మేలు మరచిపోలేం.

అయితే ఈ విస్తరణలో గోండి వాచకాలు పక్కకు జరిగాయి. రాష్ట్రమంతటికీ ఒకే తెలుగు వాచకం వచ్చింది. మైదానం నుంచి వచ్చిన ఉపాధ్యాయులకు పిల్లల మాట తెలియదు, పిల్లలకు ఉపాధ్యాయుల మాట తెలియదు. హైమన్‌డార్ఫ్ చాలా ఏళ్ల తర్వాత మళ్లీ వచ్చి చూసి, గోండిలో మొదలైన చదువు ఆగిపోవడం గురించి విచారంతో రాశారు.

ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. గోండిలో లెక్కపెడితే ‘ఉండి, రండ్, మూండ్, నాలుంగ్, సయుంగ్’. అంటే ‘ఉండి’ అంటే ఒకటి. తెలుగు ఉపాధ్యాయురాలు “బల్ల మీద పుస్తకం ఉంది” అంటే ఒకటో తరగతి పిల్లవాడు ఒక వేలు చూపిస్తాడు. గోండిలో ‘ఏర్’ అంటే నీళ్లు, తెలుగులో ‘ఏరు’ అంటే వాగు. “ఏరు ఎక్కడుంది?” అని అడిగితే పిల్ల కుండ వైపు చూపుతుంది. భాష తెలిసిన ఉపాధ్యాయురాలికి ఇది నవ్వుకుని, రెండు భాషల చుట్టరికం చూపించి, పాఠం చెప్పుకునే మంచి అవకాశం. ‘రండ్’ రెండు, ‘మూండ్’ మూడు అని పిల్లలే పట్టేస్తారు. భాష తెలియని ఉపాధ్యాయురాలికి మాత్రం అది తప్పు జవాబు. అలాంటి తప్పు జవాబులు పది పోగైతే పిల్ల నోరు మూసుకుంటుంది. ఆ మౌనానికి ‘వెనుకబాటు’ అని పేరు పెడతారు.

అపెప్ ఆరు సూత్రాలు

విద్యార్థి కేంద్రిత బోధన మన రాష్ట్రంలో ప్రభుత్వ కార్యక్రమంగా పెద్ద ఎత్తున వచ్చింది 1980లలో. బ్రిటన్ ప్రభుత్వ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం 1984లో ప్రయోగాత్మకంగా మొదలై, 1989 నుంచి 23 జిల్లాలకూ విస్తరించింది. ఉపాధ్యాయులు దాన్ని ‘అపెప్’ అనేవారు. డైట్‌లో మేము శిక్షణ పొందే రోజుల్లో సీనియర్లంతా దాని ఆరు సూత్రాలను వల్లె వేసేవారు. ఉపాధ్యాయుడు తానే అభ్యసన కృత్యాలు రూపొందించడం, పిల్లలు చేస్తూ కనుగొంటూ నేర్చుకోవడం, వ్యక్తిగతంగా జట్టుగా తరగతి మొత్తంగా పని చేయించడం, పిల్లల మధ్య తేడాలను పట్టించుకోవడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం, పిల్లలు చేసిన పనిని గదిలో ప్రదర్శించడం.

ఇందులో ఒక్క సూత్రం కూడా కాదనలేనిది. ఉపాధ్యాయులు దగ్గరి కేంద్రంలో కలుసుకుని, చేసి చూపించుకుని, మాట్లాడుకునే ఏర్పాటు కూడా ఉండేది. ఎందరో మంచి ఉపాధ్యాయులు ఆ కేంద్రాల్లోనే తయారయ్యారు. కానీ ఏజెన్సీలో ఈ సూత్రాలు ఎదుర్కొన్న పరిస్థితి వేరు. ఒకే గది, ఒకే ఉపాధ్యాయుడు, ఐదు తరగతులు. కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని 1987లో కేంద్రం ‘ఆపరేషన్ బ్లాక్ బోర్డు’ మొదలుపెట్టింది. ఆ రెండో ఉపాధ్యాయుడు చాలా గూడేలకు చేరనే లేదు. రేకుల కప్పు కింద దారానికి వేలాడదీసిన చార్టులను వానాకాలం తడిపేది, ఎలుకలు కొరికేవి. జట్టు పని అంటే పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టడం అన్నంత వరకు కుదించుకుపోయింది. తనిఖీకి వచ్చినవాళ్లు చూసేదీ ఆ గుండ్రమే. లోపల పిల్లలు ఏం మాట్లాడుకుంటున్నారో వినే తీరిక తనిఖీకి ఉండదు, విన్నా భాష అర్థం కాదు.

సిలబస్ గడువు మారలేదు, పరీక్ష మారలేదు. మారమన్నది ఉపాధ్యాయుణ్ని ఒక్కణ్నే. పరీక్షలో పుస్తకం వెనుక ప్రశ్నలే అడుగుతుంటే, పరిసరాల్లోకి తీసుకెళ్లి గంట గడిపిన ఉపాధ్యాయుడు నష్టపోతాడు. ప్రాజెక్టు గడువు 1996లో ముగిసింది. అదే సమయంలో విజయనగరం, వరంగల్ సహా ఐదు జిల్లాల్లో డీపీఈపీ మొదలైంది, రెండేళ్లకు మరికొన్ని జిల్లాలకు వచ్చింది. ఆ తర్వాత సర్వశిక్షా అభియాన్. ఒక్కో పథకంతో కొత్త మాడ్యూలు, కొత్త రిజిస్టరు, కొత్త పేరు. పాతదాంట్లో ఏది పనికొచ్చిందో నిలకడగా చూసుకోకుండానే కొత్తది మొదలయ్యేది. మా సీనియర్లలో కొందరికి శిక్షణ అంటే విసుగు పుట్టడానికి ఇదే కారణం. వాళ్ల విసుగు పిల్లల మీద కాదు.

చిత్తూరు కార్డులు చెప్పిన పాఠం

ఒకే గది, ఒకే ఉపాధ్యాయుడు అన్న సమస్యనే ఎదురుగా పెట్టుకుని పుట్టిన పద్ధతి మన తెలుగు నేల మీదే ఉంది. అప్పటి చిత్తూరు జిల్లా రిషివ్యాలీలో వై.ఎ. పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల చిన్న బడుల కోసం పాఠ్యపుస్తకాన్ని విడగొట్టి కార్డులుగా మార్చారు. కార్డులన్నీ మెట్ల వరుసలో ఒక నిచ్చెనలా ఉంటాయి. ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో ఆ పిల్లే చూసుకుని కార్డు తీసుకుంటుంది. వారం రోజులు పత్తి ఏరడానికి వెళ్లి వచ్చిన పిల్ల, ఆగిన మెట్టు నుంచే మళ్లీ మొదలుపెడుతుంది. ‘పాఠం అయిపోయింది’ అన్న మాట అక్కడ ఉండదు.

1990లలో కర్ణాటక ఉపాధ్యాయులు రిషివ్యాలీ వచ్చి చూసి, మైసూరు జిల్లాలో గిరిజనులు ఎక్కువగా ఉండే హెచ్.డి. కోటె తాలూకాలో ‘నలి కలి’ పేరుతో మొదలుపెట్టారు. ఆ తర్వాత తమిళనాడు ఇదే దారిలో రాష్ట్రమంతటా కృత్యాధార బోధన తెచ్చింది. హెచ్.డి. కోటె అనుభవంలో మాకు నచ్చిన సంగతి ఒకటుంది. అక్కడ కార్డులు తయారు చేసింది తరగతి గదిలో పనిచేసే ఉపాధ్యాయులే. తమ పిల్లలకు తెలిసిన వస్తువులు, ఆటలు, పాటలు పెట్టుకున్నారు. పద్ధతి తమ చేతుల్లో పుట్టినప్పుడు దాన్ని మోయడం ఉపాధ్యాయులకు బరువనిపించదు.

ఎనిమిది భాషల వాచకాలు

మార్లవాయి తర్వాత అరవై ఏళ్లకు, 2004లో, ఉమ్మడి రాష్ట్రంలో మాతృభాషాధారిత బహుభాషా విద్య మొదలైంది. గోండి, కొలామి, కోయ, బంజారా, సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా అనే ఎనిమిది భాషల్లో, తెలుగు లిపిలో వాచకాలు వచ్చాయి. తొలి దశలో 240 బడులు. ఒకటో తరగతిలో ఇంటి భాషతో మొదలుపెట్టి, మెల్లగా తెలుగును చేర్చుతూ పోవడం దాని పద్ధతి. ఆ వాచకాల్లో మన పండుగలు, మన పనిముట్లు, మన అడవి ఉన్నాయి. వాటి రచనలో మన ఉపాధ్యాయులు, మన పెద్దలు పాల్గొన్నారు.

ఈ కార్యక్రమం నడిచిన బడుల్లో పిల్లలు ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారని అక్కడ పనిచేసినవారు చెబుతారు. కష్టాలూ ఉన్నాయి. ఒకే గదిలో గోండు పిల్లలు, కొలాం పిల్లలు, లంబాడా పిల్లలు, మరాఠీ మాట్లాడే ప్రధాన్ పిల్లలు కలిసి కూర్చుంటే ఏ వాచకం తీయాలి? గోండి వచ్చిన ఉపాధ్యాయురాలు బదిలీ అయి, ఆ స్థానంలో గోండి రాని ఉపాధ్యాయుడు వస్తే ఆ వాచకం ఎవరు చదివిస్తారు? పైగా తల్లిదండ్రులకూ ఒక భయం ఉంది. “మా భాష మేమే నేర్పుకుంటాం, మీరు ఇంగ్లీషు నేర్పండి” అంటారు. ఆ మాటను తేలికగా తీసుకోకూడదు. తెలుగు రాక, ఇంగ్లీషు రాక ఆఫీసుల ముందు నిలబడి అవమానపడ్డవాళ్ల మాట అది. మాతృభాష తెలుగుకు, ఇంగ్లీషుకు అడ్డం రాదనీ, వాటికి మెట్టు వేస్తుందనీ తల్లిదండ్రులకు కళ్లారా చూపించాల్సిన పని మిగిలిపోయింది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా సాధ్యమైనంత వరకు మాతృభాషలో, కృత్యాల ద్వారా, పిల్లలు భయం లేకుండా నేర్చుకోవాలనే చెబుతోంది. తెలంగాణలో 2022–23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు ఉండే పుస్తకాలు ఇచ్చారు. మైదానం పిల్లకు అవి రెండు భాషలు. మన గూడెం పిల్లకు ఆ రెండు పేజీలూ పరాయివే. మూడో పేజీ ఉపాధ్యాయుని నోట ఉండాలి.

యంత్రం వచ్చిన దారి

బడిలోకి సాంకేతికత కూడా కొత్తగా రాలేదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు అమెరికా ఉపగ్రహం ఒకదాన్ని వాడుకుని ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందించారు. ‘సైట్’ అనే ఆ ప్రయోగంలో మన రాష్ట్రం కూడా ఉంది. పొద్దున బడి పిల్లలకు తెలుగులో కార్యక్రమాలు వచ్చేవి. ఏడాది తర్వాత ఉపగ్రహం వెనక్కి పోవడంతో ప్రయోగం ముగిసింది. తర్వాత ఆకాశవాణిలో ‘విందాం నేర్చుకుందాం’ పాఠాలు వచ్చాయి. ప్రసార సమయానికి ఐదు తరగతుల పిల్లలూ రేడియో చుట్టూ చేరేవారు. 2004లో విద్య కోసమే ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని ప్రయోగించారు. సర్వశిక్షా అభియాన్ కాలంలో బడులకు కంప్యూటర్లు వచ్చాయి. ఎన్నో చోట్ల అవి బీరువా పక్కన గుడ్డ కప్పుకుని ఉండిపోయాయి. కరెంటు నిలకడగా లేదు, పాడైతే బాగుచేసేవాళ్లు మండలంలో లేరు, పోతే ఎవరి జీతంలోంచి కోస్తారోనన్న భయం ఉంది.

2020లో కరోనా వచ్చి హాస్టళ్లు మూసేశాక ఈ దారి ఎంత ఎగుడుదిగుడుగా ఉందో బయటపడింది. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్లలో డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. టీవీ లేని ఇళ్లు, సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాల్సిన గూడేలు, ఇంట్లో ఒకే ఫోను ఉంటే అది అన్నతో పాటు కూలికి వెళ్లిపోవడం, ఇవన్నీ మీలో చాలామంది అనుభవించినవే. ఏజెన్సీ ఉపాధ్యాయులు వర్క్‌షీట్లు పట్టుకుని గూడేలకు నడిచారు. చెట్టు కింద నలుగురైదుగురిని కూర్చోబెట్టి చెప్పారు. చదువుకున్న అక్కలు, అన్నలు ఇంటి అరుగుల మీద చిన్నవాళ్లకు పాఠాలు చెప్పారు. ఆ నెలల్లో మన పిల్లలకు చదువు అందించింది ముఖ్యంగా ఆ మనుషులే.

ఇప్పుడు చాలా బడుల్లో పెద్ద తెరలు, ట్యాబులు ఉన్నాయి. అవి మంచివే. గుండె ఎలా కొట్టుకుంటుందో, సముద్రం ఎలా ఉంటుందో తెర మీద చూసిన పిల్లల ముఖాలు చూస్తే ఆ విలువ తెలుస్తుంది. కానీ తోటి ఉపాధ్యాయులతో మాట్లాడితే వినిపించే కష్టాలు ఇవి. లాగిన్‌కు కావలసిన ఓటీపీ ఎప్పుడో బదిలీ అయిపోయిన ప్రధానోపాధ్యాయుని ఫోనుకు పోతుంది. శిక్షణ ఒక పూట, అదీ వీడియోలో. పిల్లల హాజరు, భోజనం, మార్కులు, ఫొటోలు ఒక్కో యాప్‌లో ఎక్కించేసరికి బోధనకు మిగలాల్సిన సమయం పోతుంది. సీఆర్‌టీలుగా పనిచేసేవారికి వచ్చే ఏడాది ఇదే బడిలో ఉంటామో లేదో తెలియదు. అలాంటప్పుడు కొత్త పద్ధతి మీద ఏడాది పొడుగునా శ్రమ పెట్టమంటే ఎంతమంది పెట్టగలరు? అన్నిటికీ మించి, తెర మీది గొంతు తెలుగులోనో ఇంగ్లీషులోనో మాట్లాడుతుంది. పిల్ల గోండిలో అడిగితే దానికి వినబడదు. పక్కన ఉన్న ఉపాధ్యాయురాలు వీడియో ఆపి, పిల్లల మాటలో ఒక ప్రశ్న వేసి, మళ్లీ నడిపిస్తేనే అది విద్యార్థి కేంద్రిత బోధన. ఆపకుండా నడిపిస్తే అది కొత్త నల్లబల్ల, అంతే.

ఉపాధ్యాయులు ఎవరు కావాలి?

ఈ చరిత్ర చివరికి ఒక ఉద్యోగ ప్రశ్న దగ్గర ఆగుతుంది. ఏజెన్సీలో ఉపాధ్యాయ ఉద్యోగాలు స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 1986లో జీవో 275 వచ్చింది. అది కోర్టుల్లో నిలవలేదు. 2000 జనవరి 10న జీవో 3 వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే, అందులో మూడో వంతు మహిళలకు. మాలో ఎందరికో ఆ జీవోతోనే ఉద్యోగాలు వచ్చాయి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని తీర్పు ఇచ్చింది. అప్పటికే జరిగిన నియామకాలను షరతులతో కొనసాగనిచ్చింది. ఇక ఏకలవ్య ఆదర్శ గురుకులాలకు 2023 నుంచి దేశం మొత్తానికి ఒకే పరీక్షతో నియామకాలు జరుగుతున్నాయి. దూర రాష్ట్రాల నుంచి వచ్చిన యువ ఉపాధ్యాయులు మన పిల్లల మధ్య ఉన్నారు. వాళ్లకు చదువు ఉంది, ఉత్సాహం ఉంది. పిల్లల గోండి సరే, తెలుగు కూడా వాళ్లలో చాలామందికి కొత్త.

జీవో 3 గురించి మన సంఘాలు చేస్తున్న పోరాటం ఉద్యోగాల కోసమే అని బయటివాళ్లు అనుకుంటారు. పైన చెప్పిన చరిత్ర చదివినవారికి అది బోధన పద్ధతి గురించిన పోరాటం కూడా అని తెలుస్తుంది. గిడుగు వారు సవర నేర్చుకుని మొదలుపెట్టిందీ, మార్లవాయిలో గోండు యువకులతో మొదలైందీ ఇదే కారణంతో. అలాగని మన కులంలో పుట్టగానే మంచి ఉపాధ్యాయులం అయిపోము. గోండి వచ్చి కూడా తరగతిలో గోండి మాట్లాడనివ్వని మనవాళ్లూ ఉన్నారు. భాష రాకపోయినా రెండేళ్లలో నేర్చుకుని పిల్లల మనసు గెలుచుకున్న మైదానం ఉపాధ్యాయులూ ఉన్నారు. కావలసింది పిల్లల మాట వినే ఉపాధ్యాయులు. ఆ పని మనవాళ్లకు కొంచెం సులువు, అందుకే మన బాధ్యత కొంచెం ఎక్కువ.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! కోర్టు సంగతి, ప్రభుత్వ సంగతి పెద్దలు చూస్తున్నారు. మీ చేతుల్లో ఉన్న పనులు కొన్ని చెబుతాం.

ఇంటర్ అయ్యాక డీసెట్ రాయడం గురించి ఆలోచించండి. పోలీసు, ఫారెస్టు ఉద్యోగాలకు సిద్ధమయ్యేవారు మన గూడేల్లో చాలామంది ఉన్నారు, టీచరు కావాలనుకునేవారు తగ్గుతున్నారు. పోటీ ఇప్పుడు అందరితో కాబట్టి టెట్, డీఎస్సీలకు ముందు నుంచే చదవాలి.

మీ ఊరి బడికి కొత్త ఉపాధ్యాయులు వస్తే వారానికి ఒక సాయంత్రం వాళ్లకు మన మాట నేర్పండి. వంద మాటలు చాలు, ఒకటో తరగతి గది మారిపోతుంది. 

గుంజాల గ్రామంలో దొరికిన రాతప్రతులతో వెలుగులోకి వచ్చిన గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం దక్కింది. అంటే మన అక్షరాలు ఫోనులో, కంప్యూటర్‌లో రాయడానికి దారి ఏర్పడింది. ఆదిలాబాద్ ఆకాశవాణి ఎన్నో ఏళ్లుగా గోండి కార్యక్రమాలు ఇస్తోంది. మీ చేతిలోని ఫోనుతో మీ అవ్వ చెప్పే కథను, మీ తాత చెప్పే విత్తనాల పేర్లను రికార్డు చేయండి. రెండు నిమిషాల కథ ఒకటి బడిలో పెద్ద తెర మీద వినిపిస్తే, ఆ తెర మన పిల్లల భాషలో మొదటిసారి మాట్లాడుతుంది. ఖర్చు లేని పని, ఎవరి అనుమతికీ ఏళ్ల తరబడి ఎదురుచూడనక్కరలేని పని. ఉపాధ్యాయులను అడిగితే కాదనరు.

హాస్టల్‌కు సెలవుల్లో వచ్చి మీ తమ్ముళ్లు, చెల్లెళ్ల స్టడీ అవర్‌లో కూర్చోండి. వాళ్ల సందేహాలు వాళ్ల మాటలో వినండి, మాలాంటి వార్డెన్లకు చెప్పండి. తల్లిదండ్రుల కమిటీ సమావేశంలో చార్టులు, తెరలు చూసి ఊరుకోకుండా “మా పిల్లలు తరగతిలో మాట్లాడుతున్నారా?” అని అడగండి. మమ్మల్ని కూడా అడగండి.

1943లో మార్లవాయిలో చదివి గూడేలకు మాస్టర్లుగా వెళ్లిన ఆ యువకులు మీ వయసువాళ్లే. వాళ్లకు దారి చూపడానికి ముందు తరం లేదు. మీకు మేమున్నాం.

జై సేవా.